డెప్యుటేషన్ మీద పది ఫెర్నులు

మా కేంద్రంలో పది ఫెర్న్ జాతులు కనబడకుండా పోయాయి. పోగొట్టింది నేనే. ఈ మాట నా అంతట నేను అనడం లేదు. విచారణాధికారి గారు అలా తేల్చారు, దానికింద నేను సంతకం పెట్టాను, కాబట్టి ఇప్పుడు కాదంటే బాగుండదు.

మాది ప్రాచీన వృక్ష శిలాజ అధ్యయన కేంద్రం. నల్లబండ అనే బొగ్గు గనుల ఊళ్లో, బస్టాండు వెనక, ఒకప్పటి ఎరువుల గోదాములో ఉంటుంది. ఎరువుల వాసన ఇంకా పూర్తిగా పోలేదు. ఇప్పుడు బొగ్గుగా తవ్వుకుంటున్నదంతా ఒకప్పుడు పచ్చటి చిత్తడి అడవి. దాని ఆకులు కొన్ని బురదలో పడి, ఆ బురద గట్టిపడి పలకరాయిగా మారి, ఆకుల ముద్రలు అందులో అలాగే ఉండిపోయాయి. ఆ ముద్రలు చూసి ఏది ఏ మొక్కదో, ఏ జాతిదో తేల్చి చెప్పడం నా పని. నా పేరు సారంగపాణి. ఊళ్లో నన్ను రాళ్ల సారు అంటారు. గౌరవంగానే అంటారని నా నమ్మకం.

ఊరి బయట ఈతవాగు ఉంది. దాని గట్టు నిండా ఫెర్న్ ఆకుల ముద్రలే. ఫెర్న్ అంటే ఇప్పటికీ కొండల్లో, తడి గోడల మీద పెరుగుతుంది కదా, ఈకలాంటి ఆకు, ఆ కుటుంబమే. ఒక పెద్ద కాడ, దానికి అటూ ఇటూ రెమ్మలు, రెమ్మలకు చిన్న చిన్న పత్రకాలు. చిక్కేమిటంటే ఒకే ఆకులో మొదట్లో పత్రకాలు ఒక తీరుగా, కొసన ఇంకో తీరుగా ఉంటాయి. వెనకవైపు సిద్ధబీజాలు, అంటే విత్తనాల బదులు ఉండే సన్నటి పొడి, మోసే రెమ్మ మరీ వేరుగా ఉంటుంది. రాయిలో పూర్తి ఆకు దొరకదు, ముక్కలే దొరుకుతాయి. ముక్క దొరికినవాడల్లా కొత్త జాతి దొరికిందని చాటి ఒక పేరు పెట్టాడు. ఒకాయన గురువు పేరు పెట్టాడు. ఒకాయన సొంత ఊరి పేరు పెట్టాడు. రాయిని చీలిస్తే రెండు పలకల మీదా అదే ఆకు ముద్ర కనిపిస్తుంది. ఒక మహానుభావుడు ఆ రెండు ముఖాలకూ రెండు పేర్లు పెట్టి, రెండు పేపర్లు రాసి యూనివర్సిటీలో రీడరయ్యాడు. నేనేమీ తక్కువ తినలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కొస ముక్క దొరికితే, పెళ్లయిన ఊపులో మా ఆవిడ సులోచన పేరు పెట్టాను. అలా అలా పదకొండు జాతులయ్యాయి.

ఆ పదకొండే ఈతవాగు గట్టును కాపాడుతూ వచ్చాయి. గని పైనుంచి తవ్విపోసే మట్టిని ఇక్కడ ఓబీ అంటారు. ఆ ఓబీ గుట్టలు కొండల్లా పెరిగి వాగు దగ్గరదాకా వచ్చాయి. గని కంపెనీకి గట్టు కావాలి. ఇవ్వడానికి వీల్లేదని ఒక నిబంధన అడ్డు పడింది. పదికి తక్కువ కాకుండా శిలాజ జాతులున్న స్థలాన్ని మాత్రమే ‘వైవిధ్యం గల రక్షిత స్థలం’గా పరిగణించాలని ఆ నిబంధన. పదే ఎందుకని మీరడగవచ్చు. ఆ నిబంధన రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. పది అన్నది నేనే. మన దగ్గర పదకొండున్నాయి, ఒకటి అటూ ఇటూ అయినా గట్టుకు ఢోకా లేదని లోలోపల లెక్కేసుకుని, బయటికి మాత్రం పది అనేది శాస్త్రీయమైన సంఖ్య అన్నాను. కమిటీ తల ఊపింది.

ఇంత తెలివైనవాణ్ణి, ఒక వానాకాలం గట్టు జారి పెద్ద పలక బయటపడితే ఏం చేశానో చూడండి.

ఆ పలకను నేనూ, మా కేంద్రంలో రాళ్లు శుభ్రం చేసే ఓదెలూ ట్రాక్టరులో తెచ్చాం. తలుపంత ఉంది. దాని మీద మట్టిని ఓదెలు చలికాలమంతా కూర్చుని సూదితో, బ్రష్షుతో తీశాడు. తీస్తున్నకొద్దీ ఆకు బయటపడుతూనే ఉంది. మొదలు నుంచి కొసదాకా పూర్తి ఆకు. ఒకే కాడ మీద మొదట్లో గురువు గారి జాతి, నడుమ సొంత ఊరి జాతి, సిద్ధబీజాలతో రీడరు గారి రెండు జాతులు, కొసన మా సులోచన. పదకొండూ వరసగా ఉన్నాయి. అంటే పదకొండు లేవు. ఒక్కటే ఉంది.

నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఓదెలు కంగారుపడి, “ఏమైంది సార్, కంట్లె దుమ్ము పడ్డదా?” అన్నాడు.

“ఇన్నేళ్లూ అందరం మూర్ఖులమేరా ఓదెలూ. నేను కూడా,” అన్నాను. ఇంత సంతోషంగా ఆ మాట ఎవరూ అని ఉండరు.

ఆ ఊపులోనే పదకొండూ ఒకటేనని వ్యాసం రాసి అచ్చుకు పంపాను. ఆఫీసులో అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాను. ఒకటైనప్పుడు అన్నిటికన్నా పాత పేరే నిలవాలని మా శాస్త్రంలో కట్టుబాటు, మిగతా పేర్లు కొట్టేయాలి. ఇంటికి వెళ్లి సులోచనకు చెప్పాను.

ఆమె కూర తాలింపు వేస్తూ వింది. “అంటే నా పేరు కొట్టేసిండ్రు.”

“కొట్టేయడం కాదు, పాత పేరులో కలిసిపోయింది.”

“పెళ్లయినంక మీరు నాకు పెట్టినదల్లా ఆ ఒక్క ఆకు. పట్టుచీర అడిగితే ఆకు చూపిచ్చిండ్రు. ఇప్పుడు అది గూడ లేదంటున్నరు.” పోపు గిన్నె నా వైపు కొంచెం గట్టిగా పెట్టింది. నిబంధన గురించి నాకు అప్పటికీ గుర్తు రాలేదు.

గుర్తు చేసినవారు మా డైరెక్టర్ భుజంగరావు గారు. ఆయన పశుసంవర్ధక శాఖ నుంచి మా కేంద్రానికి డెప్యుటేషన్ మీద వచ్చారు. గేదెల విషయంలో ఆయనకు తిరుగులేదంటారు. మనిషి మంచివాడు. రాళ్లకు మేత అవసరం లేదు, ఈనవు, చావవు, ఇంత సుఖమైన పోస్టు ఇంకెక్కడా లేదని నాతో ఒకసారి అన్నారు కూడా. నన్ను పిలిచి, నా వ్యాసం ముందు పెట్టుకుని కూర్చున్నారు.

“సారంగపాణి గారూ, పోయిన వార్షిక నివేదికలో జాతులు పదకొండు. ఈసారి ఒకటి. దీన్ని పురోగతి కింద చూపించాలా, తిరోగతి కింద చూపించాలా?”

“సార్, ఇది గొప్ప ఆవిష్కరణ.”

“పది తగ్గితే ఆవిష్కరణ ఎలా అవుతుందండి? మా శాఖలో పదకొండు గేదెలను అప్పజెప్పి, ఏడాది తరవాత వెళ్లి చూస్తే ఒకటి ఉంటే, దాన్ని ఆవిష్కరణ అనం.”

“ఆ పదీ పోలేదు సార్. అసలు ఎప్పుడూ లేవు.”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “లేనివాటిని ఉన్నాయని ఇన్నేళ్లు పైకి రాశామా మనం?”

“రాశాం సార్.”

“అది ఇంకా పెద్ద నేరం. నా ముందు పనిచేసిన డైరెక్టర్లందరూ ఇరుక్కుంటారు. దానికన్నా పోయాయనే రాద్దాం. పోతే మీరొక్కరే ఇరుక్కుంటారు.” చాలా ప్రేమగా అన్నారు. “అన్నట్టు, పదికి తగ్గితే ఆ వాగు గట్టు సంగతేమిటి?”

అప్పుడు బజ్జీలు తిన్న చేత్తో సొంత గట్టును కంపెనీకి అప్పగించానని తెలిసింది. ఆ గట్టులో ఇంకా ఎన్ని ఆకులున్నాయో, ఎవరూ చూడనివి. ఒక్కసారి ఓబీ కింద పడితే మళ్లీ మనిషి కంటికి కనబడవు.

విచారణాధికారిగా విశాలాక్షి గారు వచ్చారు. పౌరసరఫరాల శాఖలో జీవితమంతా గోదాముల్లో మాయమైన బియ్యం లెక్కలు తేల్చి రిటైరైన మనిషి. మా గోదాములో అడుగు పెట్టగానే గాలి పీల్చి, సొంత ఇంటికి వచ్చినట్టు కొంగు బిగించారు.

“ఎలుకలున్నాయా?” అన్నారు మొదట.

“ఉన్నాయండి, కానీ ఇవి రాళ్లు.”

“అది నేను అడగలేదు. ఎలుకలు ఉన్నవి. రాసుకోండి,” అని వెంట వచ్చిన గుమస్తాకు చెప్పారు. “తేమ?”

“వానాకాలం ఉంటుందండి.”

“తేమ వల్ల తరుగు మామూలే. కానీ పదకొండింటికి పది తరుగు నా సర్వీసులో చూడలేదు.” నా వైపు తిరిగారు. “ఆ పదింటినీ మీరు చివరిసారి ఎప్పుడు చూశారు?”

“ఇప్పుడే మేడమ్. ఇదిగో, మీ ఎదురుగా ఉన్న పలకలోనే ఉన్నాయి.”

“ఉన్నాయా?”

“ఉన్నాయి. కానీ అవి పది కావు. అన్నీ కలిసి ఒకటే.”

“చూడండి, ఉంటే ఉన్నాయని చెప్పండి, లేకపోతే లేవని చెప్పండి. ఎదురుగా పెట్టుకుని లేవంటే దాన్ని దాచడం అంటారు.”

నేను కాడ చూపించాను, రెమ్మలు చూపించాను, భూతద్దం ఇచ్చి సిద్ధబీజాలు చూపించాను. పావుగంట సేపు పాఠం చెప్పాను. ఆమె ఎంతో శ్రద్ధగా విని, చివర్లో, “అంటే పది బస్తాల బియ్యాన్ని ఒకే బస్తాలోకి ఎత్తేశారు, ఖాళీ గోనెలు మాత్రం మిగిలాయి, అంతేనా?” అన్నారు. అంతేనని ఒప్పుకుంటే నేరం, కాదంటే పాఠం మళ్లీ మొదలుపెట్టాలి. ఒప్పుకున్నాను. పక్కనే నిలబడ్డ ఓదెలు నా కేసి జాలిగా చూశాడు.

ఆ వారంలోనే కంపెనీ సర్వేయరు గట్టు పొడవునా రాళ్ల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టి వెళ్లాడు. నేను వెళ్లి చూశాను. ఒక గుర్తు సరిగ్గా ఒక ఆకు ముద్ర మీదే పడింది. వాగు అవతల లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. నాకు తిండి సయించలేదు, నా మీద నాకే ఒళ్లు మండింది. ఆ కమిటీలో పదని ఎవడు చెప్పమన్నాడు? ఒకటని చెప్పి ఉంటే ఈ చావు వచ్చేది కాదు కదా.

అలాంటి స్థితిలో డైరెక్టర్ గారి గది బయట కూర్చుని ఉండగా ఆయన ఫోనులో ఎవరితోనో వాదిస్తున్న మాటలు వినబడ్డాయి. “నేనిక్కడ పనిచేస్తున్నంత మాత్రాన అక్కడ లేనట్టు కాదండీ. నా లీన్ అక్కడే ఉంది, ఆ పోస్టు మీద హక్కు ఇంకా నాదే. అక్కడి స్ట్రెంగ్తులో నేను ఉన్నట్టే లెక్క. కావాలంటే రూల్ చదువుకోండి.”

నా బుర్రలో దీపం వెలిగింది. ఇన్నేళ్ల నా శాస్త్ర పరిజ్ఞానంలో ఇంత గొప్ప ఆలోచన ఎప్పుడూ రాలేదు, ఇకముందు రాకుండా ఉంటే బాగుండును.

విశాలాక్షి గారికి వివరణ రాసిచ్చాను. ‘సదరు పది జాతులు ఎక్కడికీ పోలేదు. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా అవి పదకొండో జాతిలో డెప్యుటేషన్ మీద పనిచేస్తున్నవి. వాటి మాతృస్థానాల్లో వాటికి లీన్ కలదు. అవి పెద్ద పలకలో విధుల్లో చేరినట్టు ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.’

ఆమె ఒకటికి రెండుసార్లు చదివారు. ముఖం విప్పారింది. “ఇంత సులువైన విషయాన్ని ఆకులూ రెమ్మలూ అని అంత చుట్టుతిప్పి చెప్పారేమండీ? ముందే ఇలా చెబితే సరిపోయేది కదా.”

డైరెక్టర్ గారైతే లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. “మంజూరైన జాతులు పదకొండు. పనిచేస్తున్నది ఒకటి. డెప్యుటేషన్ మీద పది. నిబంధన మంజూరు గురించే అడుగుతుంది, పనిచేస్తున్నవాటి గురించి అడగదు. మా శాఖ మొత్తం నడిచేది దీని మీదే.” పై నుంచి ఆమోదం వచ్చింది. లారీలు వెనక్కి వెళ్లాయి. విచారణ నివేదికలో మాత్రం, సకాలంలో సమాచారం ఇవ్వకుండా పది జాతులను కొంతకాలం కనబడకుండా చేసినందుకు నన్ను మందలించారు. గట్టు దక్కిందన్న ఆనందంలో సంతకం పెట్టేశాను.

డెప్యుటేషన్ అన్నాక దాని మర్యాదలు దానికి ఉంటాయి. ప్రతి నెలా పది జాతులూ విధుల్లో ఉన్నాయని నేను ధ్రువీకరించాలి. ఏడాదికోసారి ఒక్కొక్కదాని పనితీరు మీద రహస్య నివేదిక రాయాలి. నేను మొదట్లో నవ్వుకుంటూ రాశాను. ‘క్రమశిక్షణ: ఉత్తమం. తోటివారితో కలిసిపోయే గుణం: అసాధారణం.’ తరవాత తరవాత నవ్వడం మానేసి శ్రద్ధగా రాయడం మొదలుపెట్టాను. రీడరు గారి రెండు జాతుల్లో ఒకదానికి ‘బాగు’, ఒకదానికి ‘చాలా బాగు’ అని రాసి, పక్షపాతమేమో అని ఒక రోజంతా మథనపడ్డాను. మా సులోచనకు ‘చాలా బాగు’ రాశాను. ఇంట్లో చెబితే, “నాకేం తక్కువని అత్యుత్తమం రాయలేదు?” అంది. మరుసటి ఏడు సవరించాను.

పేరు కూడా వచ్చింది. శిలాజ జాతుల పరిపాలన అనే అంశం మీద ఉపన్యాసాలివ్వడానికి ఊరూరా పిలిచారు. శాలువాలు కప్పారు. పదకొండూ ఒకటేనన్న నా వ్యాసాన్ని ఎవరూ అడగలేదు, డెప్యుటేషన్ నమూనా పత్రం మాత్రం అందరూ జిరాక్సు తీసుకున్నారు. ఒక ఊళ్లో ఎముకల మ్యూజియం వాళ్లు నా దారిలో ఇంకో అడుగు ముందుకేసి, పుర్రె దొరకని ఒక ప్రాణికి తొడ ఎముకనే ఇన్‌చార్జి పుర్రెగా నియమించారు. ప్రారంభోత్సవానికి నన్నే పిలిచారు. రిబ్బన్ కత్తిరించి, తొడ ఎముక అదనపు బాధ్యతలను సమర్థంగా నిర్వహిస్తోందని మాట్లాడి వచ్చాను. సిగ్గు అనిపించిందా అంటే, శాలువా బాగుందనిపించింది.

అలా మూడేళ్లు గడిచాక అన్ని శాఖలకూ ఒక ఉత్తర్వు వచ్చింది. మూడేళ్లు నిండిన డెప్యుటేషన్లన్నీ రద్దు. ఎక్కడివారు అక్కడికి వెళ్లి చేరాలి. చేరని పోస్టులు వాటంతట అవే రద్దవుతాయి. భౌతిక తనిఖీ బృందం వచ్చి చూసుకుంటుంది.

డైరెక్టర్ గారి గదికి వెళ్లాను. ఆయన పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుంటున్నారు. ముఖం వాడిపోయి ఉంది.

“నాకే తప్పలేదు సారంగపాణి గారూ. మళ్లీ గేదెల దగ్గరికే. ఈ వయసులో పొద్దున్నే పేడలో నిలబడాలి.” అట్టపెట్టెకు తాడు కట్టి నిట్టూర్చారు. “మీ పదింటినీ కూడా రిలీవ్ చేసేయండి.”

“చేసేద్దాం సార్. కాగితం మీద రాసేస్తాను.”

“కాగితం చాలదు. భౌతిక తనిఖీ అన్నారు. పదకొండు ట్రేలు ఉండాలి, పదకొండింటిలోనూ మనుషులు... జాతులు ఉండాలి.”

“పాత ముక్కలు ఉన్నాయి కదా సార్, మొదట్లో పేర్లు పెట్టినవి. బీరువాలోంచి తీసి ట్రేలలో పెడతాను.”

ఆయన తల అడ్డంగా ఊపారు. “పెద్ద పలకలో విధుల్లో చేరినట్టు మీరే రాసిచ్చారు. నెలనెలా సంతకం పెట్టారు. చేరినవే తిరిగి రావాలి. నా బదులు మా తమ్ముణ్ణి పంపిస్తే పశుసంవర్ధక శాఖ చేర్చుకుంటుందా? చేర్చుకునేటట్టయితే ఇవాళే పంపుదును.”

“అంటే పలకలోంచి ఎలా వస్తాయి సార్ అవి?”

ఆయన నా కళ్లలోకి చూడకుండా, “ఊళ్లో గ్రానైటు కోసేవాళ్లు లేరా?” అన్నారు.

అప్పుడు నేను అరిచాను. అలా అరవడం నాకు అలవాటు లేదు. ప్రపంచంలో ఈ ఫెర్న్ పూర్తి ఆకు ఇది ఒక్కటేనని, దీన్ని కోస్తే పదకొండూ ఒకటేనని చెప్పడానికి ఇక సాక్ష్యం ఉండదని, నేను జీవితంలో చేసిన మంచి పని ఇదొక్కటేనని, నా చేతులతో దాన్ని చంపలేనని అన్నాను. ఆయన అంతా విన్నారు. మంచినీళ్ల గ్లాసు నా ముందుకు జరిపారు.

“కోయకండి. ఎవరు బలవంతం చేస్తున్నారు? పది పోస్టులు రద్దవుతాయి. మిగిలేది ఒకటి. గట్టు సోమవారం కంపెనీకి వెళ్తుంది. పలక మాత్రం మీ దగ్గర భద్రంగా ఉంటుంది.”

ఇక నేను వాదించడానికి ఏం మిగిలింది? ఒక ఆకు కోసం గట్టంతా ఇవ్వాలా, గట్టు కోసం ఆకు ఇవ్వాలా అన్నదే మిగిలింది. ఆ లెక్క ఎటు తిప్పి చూసినా ఒకే సమాధానం వచ్చింది. ఆ సమాధానం మీద నాకు అసహ్యం వేసింది, కానీ మారలేదు.

శుక్రవారం మొగిలి వచ్చాడు. వంటింటి గట్లకు గ్రానైటు కోసే మనిషి. కోత మిషను ఆటోలో తెచ్చుకున్నాడు. పలకను పొడుగు బల్ల మీద పడుకోబెట్టాం. ఓదెలు మొదట నిలబడ్డాడు, తరవాత, “సార్, నేను జర బయటికి పోయొస్త. సలికాలమంత దీని ముంగటనే కూసున్న,” అని వెళ్లిపోయాడు. సాయంత్రందాకా రాలేదు.

మొగిలి మిషను తీగ తగిలించి, నీళ్ల డబ్బా పక్కన పెట్టుకుని, “ఏడ కొయ్యాలె సార్? గీతలు గీసియ్యుండ్రి,” అన్నాడు.

సుద్దముక్క నా చేతికిచ్చారు డైరెక్టర్ గారు. నేను ఆకు మీదికి వంగాను. గురువు గారి జాతి ఎక్కడ అయిపోయి సొంత ఊరి జాతి ఎక్కడ మొదలవుతుందో వెతికాను. ఎక్కడా అయిపోలేదు. పత్రకం పక్కన పత్రకం, కొంచెం చిన్నదవుతూ, కొంచెం గుండ్రమవుతూ, ఎక్కడా ఆగకుండా కొసదాకా వెళ్లింది. గీత గీయడానికి చోటే లేదని నిరూపించినవాణ్ణి నేను. ఆ గీతలు గీయగలిగిన అర్హత ఉన్నవాడు కూడా ఆ గదిలో నేనొక్కణ్ణే. స్కేలు పెట్టి పది గీతలు గీశాను.

“గంతేనా? వంకర టింకర లేవు, మంచిగనే అయితది,” అన్నాడు మొగిలి.

“చాలా తిన్నగా వచ్చాయండీ గీతలు,” అని డైరెక్టర్ గారు మెచ్చుకున్నారు. మిషను శబ్దానికి తరవాతి మాటలు వినబడలేదు.

తనిఖీ బృందం శనివారం వచ్చి పదకొండు ట్రేలు చూసింది. అన్ని జాతులూ మాతృస్థానాల్లో సక్రమంగా చేరాయని సంతృప్తి వ్యక్తం చేసింది. కొస ముక్కను చూసి ఒక సభ్యుడు, “ఇది చాలా అందంగా ఉంది, ఏ జాతి?” అని అడిగాడు. మా ఆవిడ అన్నాను. అతను నోట్ చేసుకున్నాడు. భుజంగరావు గారు ఆదివారం బస్సెక్కారు. బస్సు కదిలేదాకా నేను నిలబడ్డాను. కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, “గట్టు జాగ్రత్త,” అన్నారు.

గట్టు భద్రంగా ఉంది. చుట్టూ ఇనప కంచె వేశారు, తాళం నా దగ్గర ఉంది. పదకొండు జాతుల పేర్లతో నీలం బోర్డు పెట్టారు. పదకొండూ ఒకటేనని నేను రాసిన వ్యాసాన్ని తప్పని ఒప్పుకుంటూ నేనే ఇంకో వ్యాసం రాశాను. రెండో వ్యాసానికి మొదటిదానికన్నా మంచి ఆదరణ లభించింది. అప్పటి నుంచి పొద్దున్నే ఒక్కణ్ణే వెళ్లి కంచె లోపల ఒక చుట్టు చుట్టి వస్తున్నాను.

మొన్న పెద్ద వాన పడింది. తెల్లారి వెళ్లేసరికి గట్టు ఒక పక్క కొంత జారి ఉంది. జారిన చోట తడి పలకరాయి మీద నల్లగా ఒక ఆకు కనిపించింది. వంగి చూశాను. కొస నుంచి మొదలుదాకా పూర్తి ఆకు. కోసిన పలకలో లేనిది కూడా ఇందులో ఉంది: కాడ దగ్గరే ఆగిపోకుండా, మానుకు అతుక్కుని ఉంది. ఈ ఆకు ఏ మానుకు మొలిచిందో ఇంతవరకు ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఆ మానును కూడా మావాళ్లు ఎప్పుడో వేరే జాతి అనుకుని వేరే పేరు పెట్టారు. అక్కడే మోకాళ్ల మీద కూర్చున్నాను. మొత్తం మొక్క నా కళ్ల ముందు నిలబడినట్టయింది, ఎంత ఎత్తు ఉండేదో, ఆకులు ఎలా వంగేవో, అన్నీ. ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు.

తరవాత లేచి చుట్టూ చూశాను. కంచె అవతల కూడా ఎవరూ లేరు. రెండు చేతులతో తడిమట్టి తీసి ఆకు మీద కప్పాను. కొస ఇంకా కనబడుతుంటే అక్కడ ఇంకాస్త కప్పి అరచేత్తో అదిమాను. వాగులో చేతులు కడుక్కుని, కంచెకు తాళం వేసుకుని ఆఫీసుకు వెళ్లాను.